మేరీవిల్, మిస్సోరి: చదువుకోవడానికి వచ్చి ఉండిపోయినవాడి సమీక్ష

మాస్టర్స్ కోసం మేరీవిల్‌లో దిగే తెలుగు విద్యార్థులు చాలామందే. డిగ్రీ చేతికి రాగానే డల్లాస్‌కో చికాగోకో సర్దుకుని వెళ్లిపోతారు. వెళ్లకుండా ఆగిపోయిన కొద్దిమందిలో నేనొకడిని. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఈ ఊరికి అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. కోసేసిన ఆ ఒకటిన్నర దాదాపుగా దూరం ఖాతాలోదే.

మిస్సోరి రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న నోడవే కౌంటీకి ఇది ముఖ్యపట్టణం. జనాభా 10 వేల పైచిలుకు. ఉత్తరాన కాసేపు కారు నడిపితే అయోవా వచ్చేస్తుంది. దక్షిణాన సెయింట్ జోసెఫ్ 45 మైళ్లు, కాన్సస్ సిటీ సుమారు దానికి రెట్టింపు. 'కాన్సస్ సిటీ పక్కనే' అని ఎవరైనా చెబితే ఆ పక్క గంటన్నర ప్రయాణమని తెలుసుకోండి. విమానం ఎక్కాలన్నా, మంచి కరివేపాకు దొరకాలన్నా మేము అటే పోతాం. కారు లేకుండా ఇక్కడ జనవరి గడపడం శిక్ష. అడ్డు లేని మైదానం మీదుగా ఉత్తరపు గాలి నేరుగా వచ్చి చెవులు కోస్తుంది.

మైదానమన్నాను గానీ నేల బల్లపరుపు కాదు. ఎప్పుడో మంచుయుగంలో హిమానీనదాలు మోసుకొచ్చి పరిచిన మట్టి, అలలు అలలుగా లేచి పడుతుంది. మొక్కజొన్న, సోయా, పందుల పెంపకం. పడమట నోడవే నది, తూర్పున ప్లాట్ నది, ఊరిని ఆనుకుని వీటి మధ్యలో 'నూట రెండు' అనే నది! ఆ అంకె ఎందుకొచ్చిందంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఎండాకాలంలో చూస్తే దీన్ని నది అనాలా అనిపిస్తుంది. డేల్ కార్నెగీ కుటుంబాన్ని ముంచింది మాత్రం ఇదే.

అవును, ఆ కార్నెగీయే. మన ఊళ్ల బస్టాండు పుస్తకాల కొట్లలో కూడా కనిపించే వ్యక్తిత్వ వికాస రచయిత. 1888లో ఇక్కడి పొలంలో పుట్టాడు. ఏడేళ్లలో ఆరేళ్లు వరద తమ పైరును ఊడ్చుకుపోయిందనీ, పందులు ఏటా రోగంతో చచ్చేవనీ ఆయనే రాశాడు. అప్పు తీర్చకపోతే పొలం జప్తు చేస్తానని మేరీవిల్ బ్యాంకువాడు బెదిరించిన రోజున, తండ్రి ఇంటికి వస్తూ ఈ నది వంతెన మీద బండి ఆపి, దూకాలా వద్దా అని చాలాసేపు నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడట. మిత్రులను సంపాదించుకునే విద్య నేర్పిన మనిషి వెనక ఇంత ఎండిన బతుకు ఉందని ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు. ఆ నది మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా ఆ తండ్రే గుర్తొస్తాడు.

ఈ ఊరి ప్రముఖులందరిదీ వెళ్లిపోయినవాళ్ల జాబితాయే. సారా కాల్డ్‌వెల్ 1924లో ఇక్కడే పుట్టింది. బోస్టన్‌లో ఒపెరా సంస్థ స్థాపించింది, 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో వాద్యబృందాన్ని నడిపించిన మొదటి మహిళ అయింది. హోమర్ క్రోయ్ అనే నవలాకారుడు చిన్న ఊళ్ల గుసగుసల మీద రాసిన నవలను 1923లో తన పేరు లేకుండానే అచ్చువేయించాడు. చిన్న ఊరి వాడు కదా, ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది.

ఎవరూ గొప్పగా చెప్పుకోని పేరు ఒకటుంది. రేమండ్ గన్. హత్యారోపణ మీద పట్టుబడిన నల్లజాతి యువకుడు. 1931 జనవరి 12న కోర్టుకు తీసుకొస్తుంటే గుంపు అతన్ని లాక్కుపోయి, బడి పైకప్పుకు కట్టి, పెట్రోలు పోసి కాల్చేసింది. వేలమంది చూశారు. నేషనల్ గార్డు సైనికులు ఊళ్లోనే సిద్ధంగా ఉన్నా కదలలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. ఎర్ర ఇటుకల కోర్టు భవనం చక్కగా ఉంటుంది, ఫొటోలు తీసుకోండి. ఇది కూడా తెలిసి తీసుకోండి.

ఇక మార్కులు తెచ్చినవి. 1905లో మొదలైన నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ విశ్వవిద్యాలయం ఆవరణ రాష్ట్రపు అధికారిక వృక్షోద్యానం, అక్టోబరులో ఆ ఆకుల రంగులకు అర మార్కు ఎక్కువే ఇవ్వచ్చు. భవనాల వెచ్చదనానికి కొంత దశాబ్దాలపాటు చెక్క పేళ్లనే కాల్చారు. విశ్వవిద్యాలయపు బేర్‌క్యాట్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కళాశాల పోటీల రెండో డివిజన్‌లో ఆరుసార్లు జాతీయ విజేత. ఆట ఉన్న శనివారం ఊరంతా జట్టు రంగు ఆకుపచ్చే. నియమాలు నాకు ఇప్పటికీ సగమే వచ్చు, అరవడం పూర్తిగా వచ్చు. తూర్పున మొజింగో సరస్సు వెయ్యి ఎకరాల పైన ఉంటుంది. ఊరి తాగునీరు అక్కడిదే, మా వేసవి సాయంత్రాలూ అక్కడే.

కంప్యూటర్ చదివినవాళ్లకు ఊళ్లో ఉద్యోగాలు తక్కువ. కవాసాకీ ఇంజన్ల ఫ్యాక్టరీ, విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, వ్యవసాయం, అంతే దాదాపు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు, నిశ్శబ్దం నచ్చేవాళ్లకు చెబుతాను, రమ్మని. ఒంటరిగా వచ్చే పాతికేళ్ల కుర్రాడైతే ముందు డ్రైవింగ్ లైసెన్సు తీసుకో, ఆ తర్వాతే అద్దె ఇల్లు వెతుక్కో.