600 కోసం కొన్నాను, 150 కోసం ఉంచుకున్నాను

150-600 ఎంఎం జూమ్ లెన్స్ (150లో ఎక్కువ మేర ఫ్రేములోకి వస్తుంది, 600లో దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి) గురించి ఎవరు మాట్లాడినా 600 దగ్గర ఎంత షార్ప్‌గా ఉంటుందనే అడుగుతారు. నన్నడిగితే 150 గురించి చెబుతాను. మా శ్రీకాకుళం జిల్లాలో పక్షుల్ని తీసేవాళ్లకి ఈ లెన్స్ అసలు విలువ అక్కడే ఉంది.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. గూళ్లు కట్టేది ఊళ్లో, ఇళ్ల మధ్య చెట్ల మీదే. వాటి జోలికి ఊరివాళ్లు ఎవర్నీ పోనివ్వరు, అందుకే మనిషిని చూసి బెదరవు. నేను రోడ్డు మీద మెడ ఎత్తి తీస్తుంటే ఒకావిడ "కిందనుంచి ఏటి కనపడతాది బాబూ, మా డాబా ఎక్కు" అన్నారు. ఎక్కితే గూడు ఎదురుగానే ఉంది. 600లో చూస్తే ముక్కు, ఆ ముక్కు మధ్య సందు, అంతే. 150కి తెచ్చాక గూడంతా ఫ్రేములోకి వచ్చింది. ఒక కొంగ రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతోంది, దాని జోడు పుల్ల పట్టుకుని వాలుతోంది. ఆ ఫొటో ఇప్పటికీ నాకు అన్నిటికన్నా ఇష్టం. జూమ్ లేని 600 ఫిక్స్‌డ్ లెన్స్ అయితే ఆ డాబా మీద వెనక్కి జరగడానికి చోటే లేదు. ఎగిరే పక్షిని కూడా ముందు 200లో వెతికి పట్టుకుని, తర్వాత దగ్గరికి లాగడమే తేలిక.

కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. జూమ్ తిప్పితే గొట్టం ముందుకు సాగే రకం ఇది. తడిసిన గొట్టం వెనక్కి వెళ్తూ తేమని లోపలికి లాక్కుపోయింది. లోపలి గాజు మీద ఆవిరి పట్టింది, అక్కడికి గుడ్డ చేరదు. ఇక ఆ రోజు ఒక్క ఫొటో రాలేదు. ఇంటికొచ్చి సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెడితే ఆవిరి పోయింది. కానీ మాది సముద్ర తీరం, తేమకి గాజు మీద ఫంగస్ (బూజు) పడుతుందన్న టెన్షన్ మాత్రం పోలేదు. ఇప్పుడు చినుకు పడితే ఒక దూరం దగ్గర ఆపేసి, కవర్ తొడిగి, జూమ్ ముట్టుకోను.

600 దగ్గర కూడా బాగుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. అది పొద్దుటి వెలుతురులో, ఎఫ్8లో, అంటే లెన్స్ రంధ్రం కాస్త చిన్నది చేసి తీసినప్పటి మాట. తేలినీలాపురంలో చెట్ల మీది పెలికాన్‌లని మబ్బు రోజున ఎఫ్6.3లో, అంటే రంధ్రం పూర్తిగా తెరిచి తీస్తే ఈకల అంచులు మెత్తబడ్డాయి. నౌపడ ఉప్పు మడుల దగ్గర మధ్యాహ్నం ఎండకి గాలే అలల్లా కదులుతుంటే 600 ఉండీ లాభం లేదు.

నాది చిన్న సెన్సర్ ఉన్న కెమెరా (క్రాప్ సెన్సర్ అంటారు), దాని మీద 600 అంటే 900లా పనిచేస్తుంది. దూరం నాకు చాలింది, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వాళ్లకి చాలకపోవచ్చు. రెండు కిలోల బరువు బైక్ మీద మోసుకెళ్లగలను కాబట్టి సరిపోయింది. పడవలోంచి, చెరువు గట్ల నుంచి తీసేవాళ్లకి 150 వైపు అంత పని పడదేమో. సెకండ్‌హ్యాండ్‌లో చూస్తుంటే మాత్రం గొట్టం పూర్తిగా సాగదీసి, టార్చ్ వేసి లోపలి గాజులు చూశాకే డబ్బులివ్వండి.