షార్త్ర్‌కి ఒక్కదాన్నే కారులో: ఒక శుక్రవారం ప్రయాణం

పారిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు సెలవు దొరికితే వెర్సాయ్ అంటారు, డిస్నీలాండ్ అంటారు. పాత కథెడ్రల్‌కి (పెద్ద చర్చికి) పేరున్న షార్త్ర్ ఊరు వెళ్ళొచ్చామన్నవాళ్ళు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. సెప్టెంబరులో ఒక శుక్రవారం సెలవు పెట్టి, కారు అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. ఊరికీ, అక్కడి కథెడ్రల్‌కీ అయిదుకి అయిదు. కారు ఇచ్చిన కంపెనీకి రెండు.

ముందు కారు సంగతి. ఆటోమేటిక్‌కి అద్దె ఎక్కువని గేర్ల కారు బుక్ చేశాను. తీరా కౌంటర్ దగ్గర, డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే కావాలి, డెబిట్ కార్డు చెల్లదన్నారు. 40 నిమిషాలు నిలబెట్టి, అదనపు బీమా కొనిపించాక తాళాలిచ్చారు. సాయంత్రం తిరిగిచ్చేటప్పుడు కుడి తలుపు మీద గీత చూపించి ఇది మీరు చేసిందే అన్నారు. పొద్దున బయల్దేరే ముందే కారు చుట్టూ తిరిగి వీడియో తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మీరూ తీసుకోండి, చక్రాల రిమ్ములు కూడా వదలకుండా.

డ్రైవింగ్ టెన్షన్ అందరూ అడుగుతారు. నేను నేర్చుకున్నది గుంటూరులో, ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. ఫ్రెంచ్ లైసెన్స్ వచ్చి ఏడాదిన్నరే కాబట్టి వెనక 'ఎ' అక్షరం స్టిక్కర్ అంటించాలి, మోటర్‌వేలో గంటకి 130 కిలోమీటర్ల వేగం ఉన్నచోట మనకు 110 మాత్రమే. అది నాకు హాయిగానే ఉంది. టోల్ దగ్గర నారింజరంగు 't' ఉన్న లైన్లోకి పోకండి, అది కారులో ఆటోమేటిక్ టోల్ బ్యాడ్జీ ఉన్నవాళ్ళకి. ఆకుపచ్చ బాణం ఉన్న లైన్లోకి వెళ్ళండి. అన్నిటికన్నా గుర్తుంచుకోవలసింది ఊళ్ళల్లో: గుర్తులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి, వాళ్ళు చిన్న సందులోంచి వచ్చినా సరే.

పారిస్ నుంచి షార్త్ర్ సుమారు 90 కిలోమీటర్లు. రైల్లో గంటలో వెళ్ళొచ్చు, కానీ కారులోనే వెళ్ళండి అంటాను. కారణం బోస్ మైదానం. మా బాపట్ల వైపు పొలాల్లాగా కంటికి అడ్డంలేని నేల. గోధుమ కోతలయిపోయి అంతా మోడు. ఆ నేల మీద దూరాన రెండు గోపురాలు కనపడ్డాయి. ఊరు లేదు, ఇల్లు లేదు, ఆ రెండే. దగ్గరికి వెళ్ళేకొద్దీ రెండూ ఒక్కలాగా లేవని తెలుస్తుంది. ఒకటి 12వ శతాబ్దపు సాదా గోపురం, 105 మీటర్లు. రెండోది 16వ శతాబ్దంలో, పిడుగుపడి పోయిన కొయ్య శిఖరం స్థానంలో కట్టిన నగిషీల గోపురం, 113 మీటర్లు.

కారు ప్లాస్ దెజెపార్ కింద ఉన్న పార్కింగ్‌లో పెట్టి నడిచాను. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, కింద ఉన్న క్రిప్ట్ (నేలమాళిగ) చూపించే గైడ్ టూర్‌కి మాత్రం ఉంది. 1194లో పాత కట్టడం కాలిపోయాక చాలావరకు ఓ పాతికేళ్ళలో మళ్ళీ కట్టారు. ఇటీవల గోడలకి పట్టిన మసి తీసి లేత మీగడరంగుకి తెచ్చారు. పాత చీకటే బాగుండేదని గొడవ చేసినవాళ్ళున్నారు. నాకు ఈ వెలుగే నచ్చింది.

ఇక రంగుటద్దాలు. ఆ నీలం గురించి ఎంత విన్నా ఎదురుగా నిలబడితే వేరు. అద్దం వెనక ఎండ కదిలినప్పుడల్లా రంగు కదులుతుంది. యుద్ధం వస్తోందని 1939లో వీటన్నిటినీ ఊడదీసి దాచారట. 1944 ఆగస్టులో, లోపల జర్మన్ సైనికులున్నారన్న అనుమానంతో అమెరికన్ సైన్యం గోపురాల మీద ఫిరంగులు పేల్చాలనుకుంటే, వెల్‌బోర్న్ గ్రిఫిత్ అనే అమెరికన్ కల్నల్ స్వయంగా వెళ్ళి వెతికి, ఎవరూ లేరని చెప్పి ఆపించాడు. అదే రోజు పక్కనే ఉన్న లేవ్‌లో చనిపోయాడు.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం లోపలికి వెళ్ళగానే ఎడమవైపు నడవాలో ఉన్న మొదటి కిటికీ దగ్గర. బైబిల్లోని నోవహు ఓడ కథ అది. ఈ అద్దాలని కింద నుంచి పైకి చదువుకోవాలి. కథ మొదలయ్యే ముందు, అడుగున పనివాళ్ళున్నారు: దూలం చెక్కుతున్న వడ్రంగులు, పీపాకి కట్టు బిగిస్తున్నవాడు, బండిచక్రం చేస్తున్నవాడు. మా తాతయ్య బండిచక్రాలు చేసేవాడు. బాడిసతో చక్రం ఆకులు (మధ్య నుంచి అంచుకి పోయే కమ్మీలు) చెక్కి, ఒక్కొక్కటీ బిగించి, చివర ఎర్రగా కాల్చిన ఇనపపట్టా ఎక్కించి నీళ్ళు పోస్తే చక్రం బిగుసుకునే చప్పుడు నాకింకా గుర్తుంది. ఊళ్ళో ఏ గుడి గోడ మీదా తాతయ్య పని బొమ్మగా నేను చూడలేదు. 800 ఏళ్ళ కిందట ఇక్కడ ఒకరు చక్రం ముందు వంగినవాణ్ణి గాజులో పెట్టారు. రొట్టెలవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు కూడా వేరే కిటికీల్లో ఉన్నారు.

శుక్రవారం ఎందుకంటే, నేల మీద ఉన్న లాబిరింత్ (మెలికలు తిరిగే నడక దారి) మీద మామూలుగా కుర్చీలుంటాయి. వసంతం నుంచి శరత్తు దాకా శుక్రవారాల్లో తీస్తారు. పదమూడు మీటర్ల వలయంలో 261 మీటర్ల దారి, తప్పిపోయే అవకాశం లేదు, ఒక్కటే దారి. ముందు ఒక పెద్దావిడ చెప్పులు విప్పి నడుస్తోంది, నేనూ విప్పాను.

తిండి మామూలే. శాకాహారులకి బక్‌వీట్ పిండితో పోసిన పలచటి అట్టు, గాలెట్, జున్నూ పుట్టగొడుగులతో దొరుకుతుంది, హ్యామ్ వద్దని ముందే చెప్పండి. పైన తెల్లటి మెరింగ్ పూత, లోపల ప్రలీన్ (గింజలూ పంచదారా కలిపి నూరిన ముద్ద) ఉండే మెంచికోఫ్ మిఠాయి కొనుక్కోండి, నేను రెండు డబ్బాలు తెచ్చాను.

వీలుంటే చీకటి పడేదాకా ఉండండి. కథెడ్రల్ ముందుభాగం మీద రంగుల వెలుగులు వేస్తారు. కారు తిరిగివ్వాలని నేను ఉండలేదు, అది ఒక్కటే లోటు. వచ్చేటప్పుడు టోల్ లేని ఎన్10 రోడ్డు మీద, రాంబూయే మీదుగా వచ్చాను.

చక్రం ఫోటో నాన్నకి పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు: "ఆకులెన్ని ఉన్నాయమ్మా?" ఫోటో ఎంత పెద్దది చేసినా లెక్క తెగలేదు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి బైనాక్యులర్స్ కూడా తీసుకెళ్తాను.