ఫ్రీ అకౌంటా, టీమ్ ప్లానా, ఆఫీసు సూట్‌లోదా: చిన్న వ్యాపారానికి ఏ ఏఐ మేలు?

పది పదిహేను మందితో వ్యాపారం నడిపేవాళ్లు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న: "మనం కూడా ఏఐ పెట్టుకోవాలా?" ఆ ప్రశ్నకు కాలం చెల్లిపోయిందని నా అభిప్రాయం. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. మీ ఆఫీసులో ఎవరో ఒకరు ఈపాటికే ఏదో ఒక ఏఐ వాడుతుండే ఉంటారు. మీకు చెప్పి ఉండరు, అంతే. ఇక తేల్చుకోవాల్సింది ఏ దారిన వాడాలన్నదే.

దారులు మూడు. ఎవరి ఫ్రీ అకౌంట్ వాళ్లు వాడుకోవడం ఒకటి. చాట్‌జీపీటీ, క్లాడ్ లాంటివాటిలో వ్యాపారాల కోసం ఉన్న టీమ్ ప్లాన్ కొనడం రెండోది. మెయిల్, వర్డ్, షీట్స్ అన్నీ కలిసి వచ్చే ఆఫీసు సూట్ లోపలే ఉండే అసిస్టెంట్‌ను, అంటే మైక్రోసాఫ్ట్ కోపైలట్‌నో గూగుల్ జెమినీనో వాడడం మూడోది.

ఫ్రీ అకౌంట్లతో ఖర్చు లేదు. ప్రకటనకు నాలుగు మాటలు రాయించడానికి, ఎక్సెల్ ఫార్ములా అడగడానికి అవి చాలు. చిక్కంతా కస్టమర్ల పేర్లు, అగ్రిమెంట్లు, జీతాల లెక్కలు అందులో పేస్ట్ చేసినప్పుడు మొదలవుతుంది. చాట్‌జీపీటీ వ్యక్తిగత అకౌంట్లలో, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోకపోతే, మీ సంభాషణలను మోడల్ శిక్షణకు, అంటే ఆ ఏఐకి నేర్పడానికి, వాడుకోవచ్చు. ఆ సెట్టింగ్ మార్చుకునేంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? శామ్‌సంగ్ అంతటి కంపెనీలోనే ఉద్యోగులు సోర్స్ కోడ్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ అసలు రాత) తీసుకెళ్లి చాట్‌జీపీటీలో పెట్టారు. 2023లో ఆ కంపెనీ అలాంటి టూల్స్‌ను ఆఫీసు కంప్యూటర్లలో వాడొద్దని ఆపేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఉద్యోగి మానేసి వెళ్లిపోతే, అతని అకౌంట్‌లో ఉన్న మీ కొటేషన్లు, కస్టమర్ల గొడవలు, బేరాల వివరాలు అన్నీ అతనితోనే వెళ్తాయి. వెనక్కి తెచ్చుకునే దారి మీకు ఉండదు. దీనికి మందుగా కొందరు ఒకే అకౌంట్ తెరిచి పాస్‌వర్డ్ అందరికీ ఇస్తారు. అది ఇంకా అన్యాయం. ఒకరు రాయించుకున్న సెలవు చీటీ దగ్గర్నుంచి యజమాని రాయించిన నోటీసు దాకా అందరూ చదవొచ్చు.

అలాగని ఏఐ మొత్తాన్నీ నిషేధిస్తే? దొంగచాటుగా వాడతారు. ఇప్పుడున్న పరిస్థితి అదే కదా.

టీమ్ ప్లాన్‌కు డబ్బు కట్టాలి. కట్టినందుకు దక్కేవి రెండు: మీ సమాచారాన్ని మామూలుగా శిక్షణకు వాడరు, మనుషుల్ని చేర్చడం, తీసేయడం మీ చేతిలో ఉంటుంది. చాలామంది దీన్ని తీసిపారేసేది మరో కారణంతో: "దానికి మన ఫైళ్లు తెలియవు కదా, ప్రతిదీ మనమే అప్‌లోడ్ చేయాలి." నిజమే, కానీ మొదటి కొన్ని నెలలు అది లోపం కాదు, రక్షణ. ఏ కాగితం చూపించాలో మనిషే ఎంచుకుంటాడు. తాజా ధరల పట్టిక ఇచ్చి, దీన్ని చూసే జవాబు రాయమంటాడు. తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెతుక్కోవడం తేలిక. ఈ ప్లాన్లకు కూడా డ్రైవ్‌నీ మెయిల్‌నీ కలిపే కనెక్టర్లు ఉంటాయి. కొన్న మొదటి రోజే వాటిని ఆన్ చేయకండి. చేస్తే మూడో దారిలోని తలనొప్పులన్నీ ఇక్కడికే వస్తాయి.

ఆ తలనొప్పులేమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మైక్రోసాఫ్ట్ 2023 నవంబరులో కోపైలట్‌ను పెద్ద సంస్థలకు విడుదల చేసినప్పుడు కనీసం 300 మందికి కొనాలనే షరతు ఉండేది. 2024 జనవరిలో ఆ షరతు తీసేసి చిన్న వ్యాపారాలకు కూడా తలుపు తెరిచింది. గూగుల్ అయితే 2025 జనవరిలో జెమినీని విడిగా అమ్మడం మాని, మెయిల్, డ్రైవ్, షీట్స్ కలిపి వ్యాపారాలకు అమ్మే తన వర్క్‌స్పేస్ బిజినెస్ ప్లాన్లలోనే కలిపేసి, ప్లాన్ ధర పెంచింది. కాబట్టి మీరు వర్క్‌స్పేస్‌కు డబ్బు కడుతుంటే, కొనాలా వద్దా అని ఆలోచించేలోపే జెమినీ మీ ఆఫీసులో ఉండి ఉండొచ్చు. ముందు అది చూసుకోండి.

ఇవి చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. నలభై మెయిళ్ల గొలుసును పది లైన్లలో చెప్తాయి. మీటింగ్ అయ్యాక ఎవరు ఏం ఒప్పుకున్నారో రాసిపెడతాయి. అడిగినవాడికి ఏ ఫైలు చూసే అనుమతి ఉందో ఆ ఫైలులోంచే జవాబు చెప్తాయి, లేనిది చూపించవు. వినడానికి బాగానే ఉంది. మరి మీ ఆఫీసులో ఎవరికి ఏ అనుమతి ఉందో మీకు తెలుసా?

చిన్న ఆఫీసుల్లో మామూలుగా జరిగేది ఇది. ఎప్పుడో పని తొందరలో "అకౌంట్స్" అనే ఫోల్డర్‌ను అందరికీ షేర్ చేస్తారు. తర్వాత దాంట్లోనే జీతాల షీటు చేరుతుంది. అది అక్కడుందని ఎవరికీ తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ తెరవలేదు. అసిస్టెంట్‌కు ఆ మొహమాటం లేదు. కొత్తగా చేరిన కుర్రాడు "మన ఆఫీసులో జీతాలు ఎలా ఉంటాయి?" అని అమాయకంగా అడిగితే, దొరికిన షీటులోంచి చదివి చెప్తుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. తలుపు తీసిపెట్టింది మనం.

రెండో చిక్కు పాత ఫైళ్లది. "ధరలు ఫైనల్", "ధరలు ఫైనల్ 2", "ధరలు అసలు ఫైనల్": ఇలా మూడు ఉంటే, ఏది చెల్లుతుందో మీ దగ్గర పదేళ్లుగా ఉన్న గుమాస్తాకు తెలుసు. అసిస్టెంట్‌కు తెలియదు. నిరుటి ధరతో చక్కని కొటేషన్ రాసిస్తుంది, ఎంతో నమ్మకంగా.

అందుకే మూడో దారిలో వెళ్లేవాళ్లకు అసలు పని కొనకముందే ఉంది. అందరికీ షేర్ అయి ఉన్న ఫోల్డర్ల జాబితా తీయాలి. జీతాలు, బ్యాంకు వివరాలు, ఉద్యోగుల ఆరోగ్య కాగితాలు వేరు చేసి ఇద్దరు ముగ్గురికే అనుమతి ఉంచాలి. మానేసినవాళ్ల అకౌంట్లు మూసేయాలి. చెల్లని పత్రాలను "పాతవి" అనే ఒక చోటికి నెట్టి, ఆ చోటుకు కూడా అనుమతులు తగ్గించాలి. పేరు మార్చినంత మాత్రాన అసిస్టెంట్ చూడడం మానదు. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. కానీ ఏఐ కొన్నా కొనకపోయినా ఎప్పటికైనా చేయాల్సిన పనే.

ఇక నా తీర్పు. ఒక్కరో ఇద్దరో నడిపే వ్యాపారమైతే నేరుగా సూట్‌లోని అసిస్టెంట్ వాడుకోండి, అక్కడ ఒకరి నుంచి ఒకరు దాచేదేమీ ఉండదు. అంతకంటే ఎక్కువ మంది ఉండి, ఫైళ్లు ఇంకా చిందరవందరగా ఉంటే టీమ్ ప్లాన్ మేలు. ఆరు నెలల్లో ఫైళ్లు సర్దుకుని అప్పుడు సూట్ సంగతి చూడొచ్చు. ఫ్రీ అకౌంట్లను మాత్రం బయట అందరికీ కనిపించే సమాచారానికే పరిమితం చేయండి.

అందరికీ ఒకేసారి ఇవ్వాలా, కొందరితో మొదలుపెట్టాలా అంటే ముగ్గురు చాలు. ఆ ముగ్గురూ టెక్నాలజీ పిచ్చి ఉన్నవాళ్లే కాకుండా చూసుకోండి. కాగితాల పని ఎక్కువగా మీద పడేవాళ్లు ఒకరు, "ఇదంతా దండగ" అనేవాళ్లు ఒకరు తప్పక ఉండాలి. తప్పులు పట్టేది ఆ రెండో మనిషే. ఒక్క పని ఎంచుకోండి, కొటేషన్ జవాబులు అనుకుందాం. రెండు వారాలు పాత పద్ధతిలో ఒక్కో జవాబుకు ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకోండి. తర్వాత రెండు వారాలు అసిస్టెంట్‌తో. ఇక్కడ చాలామంది రాయించిన సమయమే లెక్కేసి మురిసిపోతారు. చదివి దిద్దిన సమయం కూడా కలపాలి. కలిపాక లాభం కనిపించకపోతే ఆ పని దానికి తగినది కాదు, ఇంకోటి చూడండి.

కస్టమర్లతో నేరుగా మాట్లాడే బాట్ పెట్టాలన్న సరదాను ఇప్పటికి వాయిదా వేయమంటాను. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ చెప్పినదానికి తమది బాధ్యత కాదన్నట్టు కంపెనీ వాదిస్తే, 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. డబ్బు కట్టమంది. అంత పెద్ద కంపెనీ ఆ దెబ్బను తట్టుకుంటుంది. మీకు ఒక్క తప్పు మాటతో పాత కస్టమర్ పోతాడు.

రూల్స్ ఒక్క పేజీలో రాస్తే చాలు: ఏవి పేస్ట్ చేయకూడదు, బయటికి వెళ్లే ప్రతి ముక్కనూ ఎవరు చదివి పంపాలి, అనుమానం వస్తే ఎవర్ని అడగాలి. ఉద్యోగాలు పోతాయేమోనన్న టెన్షన్ అందరిలో ఉంటుంది కాబట్టి, మిగిలిన సమయాన్ని దేనికి వాడబోతున్నారో ఆ పేజీ ఇచ్చేటప్పుడే నోటితో చెప్పండి.

ఏడాదికి ఒకేసారి కడితే చవకని ఊరిస్తారు. మొదటి ఏడాది మాత్రం నెలనెలా కట్టండి, కాస్త ఎక్కువైనా సరే. ఈ ప్లాన్ల పేర్లు, ధరలు, వాటిలో ఇచ్చేవి మారిపోయే వేగం చూస్తుంటే, పన్నెండు నెలల తర్వాత మీకు ఇదే ప్లాన్ కావాలనిపిస్తుందని నేనైతే పందెం కాయను.