గోల్కొండ వజ్రాల గనుల ‘ఒరిజినల్’ మ్యాపు అంటూ అమ్ముతున్నారు, జాగ్రత్త

పాత మ్యాపులు సేకరించేవాళ్లందరికీ మనవి. ‘గోల్కొండ వజ్రాల గనులు, 1752, పారిస్ ముద్రణ, చాలా అరుదు’ అంటూ ఆన్‌లైన్‌లో ఒక మ్యాపు అమ్మకానికి పెడుతున్నారు. దయచేసి డబ్బు పంపకండి. నేను రూ.32,000 కట్టి తెప్పించాను. వచ్చింది ఎవరిదో స్కాన్ తీసుకుని వేసిన ప్రింటు.

ముందు మరకల సంగతి. పాత కాగితం అన్నాక గోధుమరంగు మచ్చలు పడతాయి, నిజమే. నాకొచ్చినదాంట్లో వజ్రాల గని ఉన్న కొల్లూరు పేరు పక్కనే పెద్ద మచ్చ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ మచ్చ నిండా ఇప్పటి రంగు ప్రింటు వేసే నీలం, గులాబీ, పసుపు చుక్కలే. అంటే మరకను కూడా అచ్చేశారు! వెనక్కి తిప్పితే అదే చోట కాగితం శుభ్రంగా ఉంది. మధ్యలో మడత గీత కంటికి కనిపిస్తుంది, వేలితో తడిమితే మడతే లేదు.

ఆ రోజుల్లో ఇలాంటి మ్యాపుల్ని రాగి రేకు మీద చెక్కి, తడి కాగితంపై గట్టిగా అదిమి అచ్చు తీసేవారు. అందుకని బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకుపోయిన గాడి పడుతుంది. అంచులు కత్తిరించేసిన ప్రతిలో అది పోవచ్చు. నా మ్యాపుకి చుట్టూ బోలెడంత అంచు ఉంది, గాడి మాత్రం లేదు. కాగితాన్ని వెలుగుకి పట్టండి. 1752 నాటిదైతే తయారీలో వాడిన తీగల జల్లెడ గీతలు వరుసగా కనబడాలి. ఆ గీతలు లేని నున్నటి కాగితం మీద మొదటి పుస్తకం ఇంగ్లండులో అచ్చయిందే 1757లో. నాకొచ్చిన కాగితంలో ఒక్క గీతా లేదు.

అమ్మినవాణ్ని అడిగితే ‘సర్టిఫికెట్ ఇచ్చాం కదండీ’ అన్నాడు. ఆ సర్టిఫికెట్ వాళ్లే కొట్టుకున్నది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

బాధ డబ్బు గురించే కాదు. 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ ఆడా మగా పిల్లా జెల్లా కలిపి 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల ముంపులో ఉంది. వెళ్లి చూద్దామన్నా నీళ్లే. మనకు మిగిలినవి ఆ కాలపు రాతలూ ఈ పటాలే. ఆ ఇష్టాన్ని పట్టుకునే వీళ్లు మోసం చేస్తున్నారు.

అమెరికాలో ఉన్నవాళ్లకు కొరియర్ చేస్తామని కూడా చెబుతున్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. ముందు లైసెన్సు నంబరు అడగండి. వెనకవైపు ఫొటో, వెలుగుకి పట్టి తీసిన ఫొటో, ఒక్క అక్షరాన్ని బాగా దగ్గరగా తీసిన ఫొటో పంపమనండి. సాకులు చెబితే వదిలేయండి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం ఇలాంటి పటాల స్కాన్లు ఉచితంగా పెట్టింది, పక్కన పెట్టి పోల్చుకోండి. మరక, చిరుగు రెంటిలోనూ ఒకేచోట ఉంటే అది దాని నకలే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల ఫిర్యాదుకు 1915. పార్సిల్ విప్పేటప్పటి వీడియో, చెల్లింపు రసీదు, చాట్ ఏదీ చెరిపేయొద్దు. నేను రెండుచోట్లా ఫిర్యాదు ఇచ్చాను. ఈలోగా అదే మచ్చ ఉన్న మ్యాపు ఇంకో పేరుతో, ఇంకో ధరకి మళ్లీ పెట్టారు.