ఫో లాక్స్‌తో ఏడాదిన్నర: వేయించడం తేలికే, ఆరబెట్టడమే నరకం

ఫో లాక్స్, అంటే సొంత జుట్టు చుట్టూ సింథటిక్ జుట్టు చుట్టి వేసే తాళ్లలాంటి జడలు, ఎలా ఉంటాయని నన్నెవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. తలంటిన రోజున తల ఆరబెట్టడానికి మీ ఇంట్లో ఎన్ని గంటల ఖాళీ ఉంది?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మేముండేది హ్యూస్టన్‌లో. వాళ్ల నాన్నది లూసియానాలో ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం. జుట్టు మొత్తం అటువైపుదే వచ్చింది. తడిపితే భుజాలు దాటుతుంది, ఆరితే ఉంగరాలు చుట్టుకుని చెవుల దగ్గరికి ఎక్కిపోతుంది. నేనేమో రాజమండ్రిలో కొబ్బరినూనె పట్టించి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టించుకుని పెరిగినదాన్ని. నాకొచ్చిన విద్య ఒక్కటీ ఆ తల మీద పనిచెయ్యలేదు. రోజూ పొద్దున్నే దువ్వెనతో నలభై నిమిషాలు యుద్ధం, ఆ పైన ఇద్దరికీ ఏడుపు.

అందుకని మా అత్తగారి సలహా మీద ఫో లాక్స్‌కి వెళ్లాం. సొంత జుట్టుని సన్నటి జడలుగా అల్లి, ఒక్కో జడ చుట్టూ సింథటిక్ జుట్టు చుట్టుకుంటూ కిందిదాకా పోతారు. మొదటిసారి ఏడు గంటలు పట్టింది. ఆ ఆరు వారాలు స్వర్గమే. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి శాటిన్ టోపీ, అంతే. కనపడ్డ వాళ్లందరికీ తెగ చెప్పాను, పిల్లల జుట్టు బాధకి ఇదే మందు అని. ఆ మాటలో ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. మొదటిసారి వేయించింది జనవరిలో, అదీ భుజాల దాకానే అని అప్పుడు నాకు తట్టలేదు.

దురద సంగతి తొందరగానే తేలిపోయింది. ప్యాకెట్ జుట్టు మీద ఉండే పూత కొందరికి పడదు. వేయించే ముందు రోజు యాపిల్ సైడర్ వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే తెల్లటి తెట్టు పైకి తేలుతుంది. దాన్ని కడిగేసి ఆరబెట్టుకుని పట్టుకెళ్తున్నాం. మళ్లీ గోక్కోలేదు.

అసలు కథ రెండోసారి. జూన్ నెల. ఈసారి నడుము దాకా కావాలని పిల్ల పట్టుబట్టింది, నేను సరేనన్నాను. అదే నెలలో ఈత క్లాసులు. వారానికి మూడు రోజులు కొలను నుంచి రావడం, మంచినీళ్లతో కడగడం, తువ్వాలుతో పిండడం. గంట తర్వాత ముట్టుకుంటే పొడిగానే ఉండేది. అదే మోసం. సింథటిక్ పోగు నీళ్లు పెద్దగా పీల్చుకోదు కాబట్టి పైన త్వరగానే ఆరుతుంది. లోపలున్న సొంత జడ మాత్రం నానిపోయి ఉంటుంది. చుట్టూ బిగించి చుట్టేసి ఉంటే దానికి గాలెక్కడిది? హ్యూస్టన్ వేసవి గాలి అసలే తడిగుడ్డ. పైన పొడిగా ఉంది కదా అని రాత్రికి నేను టోపీ తొడిగేసేదాన్ని. అంటే తడిని మూటగట్టి పడుకోబెట్టాను.

నాలుగో వారంలో కారులో వాసన మొదలైంది. వెనక సీట్లో తడి తువ్వాలు మర్చిపోయామనుకుని కారంతా వెతికాను. ఇంటికొచ్చి పిల్లని దగ్గరికి తీసుకుంటే అప్పుడు తెలిసింది. ఆరని బట్టలు మూటగట్టి మూడు రోజులు వదిలేస్తే వచ్చే ముక్కిన వాసన, నా బిడ్డ తలలోంచి. ఆ సిగ్గు ఎలాంటిదో చెప్పలేను.

అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. దిగిన రోజునే "ఇదేంటే, పిల్లకి డబ్బిచ్చి మరీ జడలు కట్టించావ్?" అంది. మనకి జుట్టు జడలు కట్టడమంటే పట్టించుకోనివాళ్ల తల మరి. "పైగా ప్లాస్టిక్ జుట్టా? తిరుమల కొండ మీద జుట్టు వేలం వేస్తే వచ్చేది మీ దేశాలకే కదా" అని ఇంకో పోటు. నిజమే, అసలు జుట్టు ప్యాకెట్లూ దొరుకుతాయి, ఖరీదు చూసి పక్కన పెట్టేశాను.

వాసన సంగతి చెప్పగానే అమ్మ వైద్యం సిద్ధం. సాంబ్రాణి. చిన్నప్పుడు నా తలకి వేసినట్టే, కప్పు సాంబ్రాణి వెలిగించి, పైన బుట్ట బోర్లించి, పిల్ల లాక్స్ దాని మీద పరిచింది. నేను ఫోన్లో ఉన్నాను. రెండు నిమిషాల్లో పొగ అలారం మోగింది. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి బుట్ట సందులోంచి కిందికి జారిన మూడు లాక్స్ నిప్పు దగ్గరికి చేరాయి. అంటుకోలేదు, అదృష్టం. చివర్లు మాత్రం ముడుచుకుపోయి పూసల్లా గట్టిపడ్డాయి. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు, దాని వెనకాల సాంబ్రాణి పరిమళం. పిల్ల నవ్వు ఆపుకోలేకపోతోంది. "అమ్మమ్మా, ఇప్పుడు నా తల గుడిలా ఉంది" అంది. అమ్మ మొహం చూస్తే జాలేసింది.

వీడియో కాల్‌లో అత్తగారు ఒకటే మాట చెప్పారు. లోపలికి పట్టిన వాసన పైపూతలతో పోదు, విప్పెయ్యండి అని. ఐదో వారంలోనే విప్పేశాం. అమ్మా నేనూ చెరోవైపు కూర్చుని రెండు సాయంత్రాలు. సొంత జుట్టు ఎక్కడిదాకా ఉందో తడిమి చూసుకుని, దానికి రెండంగుళాల కింద కత్తిరించి, చుట్టు విప్పుకుంటూ రావాలి. కుదుళ్ల దగ్గర బూడిదరంగు మడ్డి పేరుకుంటుంది. అది దువ్వి తీసేదాకా నీళ్లు తగలనివ్వకూడదు, తగిలితే అక్కడే ముద్దకడుతుంది.

విప్పాక ఒళ్లో పోగైన జుట్టు ఉండ చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ గుండె జారింది. తర్వాత లెక్క వేసుకున్నాం. ఎవరి తలకైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. 35 రోజులు రాలినవి బయటికి పోయే దారి లేక అందులోనే ఉండిపోయాయి. తక్కువలో తక్కువ 1,750. ఊడింది కాదు, దాచిపెట్టింది. ఉన్న జుట్టు మెత్తగా, మొదటికంటే కాస్త పొడుగ్గానే ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ నుదుటి అంచున మాత్రం పల్చబడింది. నాలుగోసారి వేయించినప్పుడు అక్కడ చిన్న చిన్న పొక్కులు కూడా వచ్చాయి. వేసినావిడ "రెండు రోజులు నొప్పి ఉంటుంది, మామూలే" అంది. మామూలు కాదు. అంత బిగువు అలాగే కొనసాగితే అంచు జుట్టు శాశ్వతంగా పోవచ్చు. ఆ రాత్రే ముందు వరస విప్పేశాను. ఇప్పుడు ఆ వరస వదిలేసే వేయిస్తున్నాం.

ఇప్పటి పద్ధతి వేరు. భుజాలు దాటనివ్వను, ఆరు వారాలు మించనివ్వను. రెండు వారాలకోసారి శనివారం పొద్దున్నే తలంటు, సాయంత్రం చచ్చినా కాదు. పల్చగా కలిపిన షాంపూ సన్నమూతి సీసాతో మాడుకి మాత్రమే. తువ్వాలు మానేసి అమ్మ వదిలి వెళ్లిన పాత నేత చీర ముక్కతో పిండుతున్నాను, తడి లాగడంలో దాన్ని మించింది లేదు. తర్వాత టోపీలాంటి డ్రయ్యర్ కింద తక్కువ వేడిలో రెండు గంటలు, ఆ పైన ఫ్యాన్ కింద సాయంత్రం దాకా. రాత్రి శాటిన్ టోపీ తొడిగే ముందు ఒక లాక్‌ని మధ్యలో గట్టిగా నొక్కి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టే.

లెక్క చూస్తే పొద్దున్న మిగిలిన నిమిషాల్లో సగం శనివారాలకి పోతోంది. స్కూలుతో పేచీ మాత్రం రాలేదు. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి క్రౌన్ యాక్ట్, అంటే జుట్టు తీరుని బట్టి వివక్ష చూపకూడదనే చట్టం, అమల్లో ఉంది, లాక్స్ దాని కిందికి వస్తాయి.

ఇదంతా మా పిల్ల జుట్టు, మా ఊరి ఉక్క, మా ఈత క్లాసుల లెక్క. పొడిగాలి ఉండే ఊళ్లో, నీళ్లలో దిగని పిల్లకైతే నేనే వెళ్లి వేయించమంటాను. మేం ఈ వేసవికి మామూలు జడలతో సరిపెట్టుకుంటున్నాం. సెప్టెంబరులో ఈత క్లాసులయ్యాక ఆరోసారి వేయిస్తాం, నడుము దాకా మాత్రం కాదు.