డాల్ గొర్రె ట్యాగ్: అలాస్కా డ్రాలో విదేశీ వేటగాడి అనుభవం

అలాస్కాలో డాల్ గొర్రె అనే తెల్ల కొండగొర్రెని వేటాడే అనుమతిని కొన్నిచోట్ల లాటరీ తీసి ఇస్తారు, దాన్నే డ్రా అంటారు. ఏళ్లుగా ఆ డ్రాకి దరఖాస్తు పెడుతున్నవాడిగా చెబుతున్నాను. డ్రా చౌక. ఖరీదంతా దాని వెనకాల ఉంది.

ఒక్కో దరఖాస్తుకి 5 డాలర్లు, తిరిగి రావు. నవంబర్ 1న తెరుస్తారు, డిసెంబర్ 15 సాయంత్రం అలాస్కా టైం 5 గంటలకి మూసేస్తారు. అంటే మనకి 16 ఉదయం ఏడున్నర. ఫలితాలు ఫిబ్రవరి మూడో శుక్రవారం. నెవాడా, మోంటానాల్లోలాగా పాయింట్లు కూడబెట్టే పద్ధతి లేదు. నిన్న వచ్చినవాడికీ పదేళ్లుగా పెడుతున్నవాడికీ ఒకే అవకాశం. ఇది నాకు నచ్చింది, ఓపిక పట్టేవాళ్లకి మాత్రం ఒళ్లు మండుతుంది.

హంట్ నంబర్ (దరఖాస్తులో రాసే, ఒక్కో వేటకి ఇచ్చిన కోడ్) జాగ్రత్త. డీఎస్‌తో మొదలయ్యేవి గొర్రెలవి. స్థానికులకి వేరే నంబర్లు, బయటివాళ్లకి వేరే నంబర్లు ఉన్నచోట తప్పుది రాస్తే దరఖాస్తు వృథా.

ముందు గైడ్, తర్వాతే దరఖాస్తు. అలాస్కాలో దగ్గరి బంధువు ఉంటే అమెరికా పౌరుడు అతని తోడుతో వెళ్లొచ్చు. విదేశీయుడికి ఆ వెసులుబాటు లేదు, పెద్ద జంతువు ఏదైనా గైడ్ ఉండాల్సిందే. కొన్ని హంట్‌లకి గైడ్‌తో ఒప్పందం దరఖాస్తు నాటికే అయిపోవాలి. గైడ్ కుదరకుండా డ్రా గురించి మాట్లాడటం ఆలూ లేదు చూలూ లేదు సామెతే. పైగా చాలా ప్రాంతాల్లో డ్రాయే అక్కర్లేదు. ఆగస్టు 10 నుంచి సెప్టెంబర్ 20 దాకా మామూలు సీజన్‌లో హార్వెస్ట్ టికెట్‌తో, అంటే లాటరీ లేకుండా దొరికే వేట చీటీతో వెళ్లొచ్చు. టోక్, చుగాచ్ లాంటి చోట్లకే లాటరీ.

విదేశీయుడికి లైసెన్స్ 630 డాలర్లు, గొర్రె లాకింగ్ ట్యాగ్ (వేటాడిన జంతువుకి తగిలించే బిళ్ల) 1,100. లైసెన్స్ డిసెంబర్ 31తో చచ్చిపోతుంది, కాబట్టి దరఖాస్తప్పుడు చూపిన పాత లైసెన్స్ ఆగస్టులో పనికిరాదు. సొంత రైఫిల్ తీసుకెళ్లాలంటే అమెరికాలో తుపాకుల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ ఇచ్చే దిగుమతి అనుమతి, ఫారం 6ఎన్ఐఏ కావాలి, దానికి చెల్లే వేట లైసెన్స్ జత చేయాలి. కనీసం రెండు నెలల ముందే పంపండి. గైడ్ రైఫిల్ వాడుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

అసలు పరీక్ష కొండ మీద. పొట్టేలు కొమ్ము పక్కనుంచి చూస్తే పూర్తి చుట్టు తిరగాలి, లేదా రెండు కొనలూ విరిగి ఉండాలి, లేదా వయసు కనీసం ఎనిమిదేళ్లు ఉండాలి. వయసుకి కొమ్ము మీది ఏటి గీతలు (ఏడాదికొకటి చొప్పున పడేవి) లెక్కపెట్టాలి. పైపై గాడిని ఏటి గీత అనుకుంటే లెక్క ఒకటి పెరిగిపోతుంది. స్పాటింగ్ స్కోప్‌లో (దూరం నుంచి చూసే దుర్భిణిలో) రెండు కొమ్ములూ విడివిడిగా చూడండి. అనుమానం ఉంటే వదిలేయండి. వేటాడిన ముప్ఫై రోజుల్లో అధికారులకి చూపించి కొమ్ములకి సీల్ వేయించాలి, లెక్క తప్పితే అక్కడే దొరికిపోతారు, కొమ్ములూ పోతాయి.