క్లాసులో చిన్న పరీక్షకి ఏది మేలు: ప్లికర్సా, కహూటా, గూగుల్ ఫామ్సా?

పాఠం మధ్యలో ఆపి ‘అర్థమైందా?’ అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో ‘అయింది సార్’ అంటుంది. నిజంగా అయిందో లేదో తేల్చుకోవడానికి, పిల్లల జవాబుల్ని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూపించే ఈ మూడూ పనికొస్తాయి. పిల్లల దగ్గర ఫోన్లు లేని బడికైతే నా ఓటు ప్లికర్స్‌కే.

ఇందులో పిల్లలకి కాగితం కార్డు ఉంటే చాలు, ఫోనూ నెట్టూ టీచరు దగ్గరే ఉంటాయి. 40 కార్డుల సెట్టు వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ప్రతి కార్డు మీదా ఒక నంబరు, ఒక నల్లటి గుర్తు, దాని నాలుగు పక్కలా చిన్న అచ్చులో ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి, టీచరు ఫోన్‌లోని ప్లికర్స్ యాప్ కెమెరాతో దాన్ని చదువుతుంది. ఏ రెండు గుర్తులూ ఒకేలా ఉండవు కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. యాప్‌లో పేర్లు ఎక్కించేటప్పుడు రోల్ నంబరు, కార్డు నంబరు ఒకటే ఉండేలా చూసుకోండి. లేకపోతే కార్డులు పంచడానికే పీరియడ్ కరిగిపోతుంది.

బోర్డు మీద 1/2 + 1/3 ఎంత అని రాసి, జవాబుల్లో 2/5 కూడా పెట్టండి. ఫోన్ కెమెరా వరసల మీదుగా తిప్పగానే సగంమంది 2/5 ఎంచినట్టు కనిపిస్తే, పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేశారన్నమాట. పాఠం ఎక్కడ మళ్లీ ఎత్తుకోవాలో అక్కడే తెలిసిపోతుంది. తప్పు జవాబుల్ని ఇలా ఏరి పెట్టడంలోనే అసలు పని ఉంది.

కార్డు చదవలేదంటే చాలాసార్లు గుర్తు మీద వేలు పడి ఉంటుంది, లేదా ముందు బెంచీ తల అడ్డొచ్చి ఉంటుంది. మెరిసే లామినేషన్ వద్దు, లైటు వెలుగు దాని మీద పడితే కెమెరాకి గుర్తు కనబడదు. మందపాటి అట్టకాగితం మీద ప్రింట్ తీయిస్తే సరిపోతుంది.

కహూట్ అంటే ఆటలా సాగే ఆన్‌లైన్ క్విజ్, దీనికి పిల్లలందరికీ ఫోనో ట్యాబో, దానికి నెట్టూ కావాలి. మామూలుగా త్వరగా నొక్కినవాడికే ఎక్కువ పాయింట్లు వస్తాయి కాబట్టి నిదానంగా చదివే పిల్లలు వెనకబడతారు. లెక్కలకైతే 60 సెకన్లకి తగ్గించకండి. యూనిట్ అయ్యాక పునశ్చరణకి బాగుంటుంది, రోజూ వద్దు.

ఇంటి దగ్గర రాయించే పరీక్షకి, లింకు పంపి ఆన్‌లైన్‌లో జవాబులు రాయించే గూగుల్ ఫామ్స్ మేలు. సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చి జవాబులు, మార్కులు పెడితే అదే దిద్దుతుంది, మార్కులు షీట్‌లోకి చేరతాయి. తెలుగులో టైప్ చేసే చిన్న జవాబులతో మాత్రం జాగ్రత్త. మీరు ‘సంయోగక్రియ’ అని ఇచ్చి, పిల్లాడు ‘సంయోగ క్రియ’ అని విడదీసి రాస్తే సున్నా పడుతుంది. రెండు రూపాలూ జవాబుల్లో చేర్చండి, మార్కులు వెంటనే విడుదల చేయకుండా మీరు చూశాకే పంపేలా పెట్టుకోండి.